ఎనిమిది మూటల దూది

పోయిన నెల మా అపార్టుమెంటు లిఫ్టు ఆగిపోయింది. మారేడ్‌పల్లిలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను, నాలుగో అంతస్తు. ఆ రోజు కాలనీ కుర్రాళ్ళు ఇద్దరు నన్ను సభకు తీసుకుపోవడానికి వచ్చారు. యూనియన్ ఫౌజు వచ్చి నిజాం సర్కారును దించిన రోజని ప్రతి సెప్టెంబరులోనూ జరుపుతారు కదా, ఆ సభ. ఆ రోజులు కళ్ళారా చూసినవాణ్ణి ఈ చుట్టుపక్కల నేనొక్కణ్ణే మిగిలానట, నాలుగు మాటలు చెప్పాలట. దాన్ని విమోచనం అనాలా, విలీనం అనాలా అని లిఫ్టు ఎక్కేదాకా ఇద్దరూ కొట్లాడుకుంటూనే ఉన్నారు. రెండో అంతస్తు దాటాక కరెంటు పోయింది. మాతోపాటు కూరగాయల సంచీతో ఒక ఇల్లాలు, హెల్మెట్ పట్టుకున్న ఒక మనిషి, డాక్టరీ చదువుతున్న కింది ఫ్లాటు అమ్మాయి ఉన్నారు. మొదట అందరూ నవ్వుకున్నారు. తర్వాత ఆ ఇల్లాలు ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చింది. అంతే. హెల్మెట్ మనిషి మీటలన్నీ టకటకా నొక్కడం మొదలుపెట్టాడు. కొట్లాడుకున్న కుర్రాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. ఆ చీకట్లో నాకు ఎవరి మొహమూ కనబడలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు, అయినా నా వెనక నిలబడ్డవాడి భయం నా మెడమీద తడిగుడ్డ వేసినట్టు తగిలింది. ఎనభై దాటిన నా గుండె కూడా వాళ్ళతో కలిసి కొట్టుకుంది.

ఐదు నిమిషాలకు కరెంటు వచ్చింది. బయటపడ్డాక ఆ డాక్టరీ అమ్మాయి నవ్వుతూ, "తాతగారూ, భయం కూడా జలుబులాగే ఒకరి నుంచి ఒకరికి అంటుతుంది, దానికో పేరుంది" అని ఇంగ్లీషులో ఏదో చెప్పింది. పేరు పెట్టారు, సంతోషం. నేను బడి మొహం చూడలేదు. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువు నేర్చుకున్నవాణ్ణి. చదువుకున్నవాళ్ళతో నాకు మొదటినుంచీ ఒక్కటే పేచీ. ఒక సంగతికి పేరు దొరకగానే దాని పని అయిపోయిందనుకుంటారు. సభలో కూడా అంతే. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడొకడు మైకు పట్టుకుని, ఆ రోజుల్లో హిందువులూ ముస్లిములూ అన్నదమ్ముల్లా ఉండేవారని, ఎక్కడినుంచో మూకలు వచ్చి చెడగొట్టాయని అరగంట చెప్పాడు. మూకలట! మూక అంటే ఏదో వేరే ఊళ్ళో పుట్టి వేరే నీళ్ళు తాగి పెరిగే జాతి అన్నట్టు. నాకు ఒక శాలువా, ఐదు నిమిషాలూ ఇచ్చారు. ఒళ్ళు మండి లేచి వచ్చేశాను. శాలువా తెచ్చుకున్నాను. చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

రాంగోపాల్‌పేట్‌లో మేము ఉన్న కాంపౌండులో తొమ్మిది ఇళ్ళు. ఇళ్ళంటే ఇళ్ళు కావు, ఒక్కో గది, ముందో వసారా. నడుమ బండలు పరిచిన వాకిలి, ఒక్కటే నల్లా, వీధి వైపు ఇనపకమ్మీలు కొట్టిన పెద్ద చెక్క దర్వాజా. నాన్న పోయాక అమ్మా నేనూ మిగిలాం. నాకు పంతొమ్మిదేళ్ళు, స్టేషన్ దారిలో గోలీసోడా కార్ఖానాలో సీసాలు నింపే పని. ఇంటికి వచ్చేసరికి నా ఒంటికి నిమ్మ ఎసెన్సు వాసన, అమ్మకు చింతపండు చారు వాసన, మౌలాలి మామకు దూది వాసన. దూదికి వాసన ఉంటుందా అని నవ్వకండి. పాత పరుపులు విప్పినప్పుడు మనుషుల నిద్రల వాసన వస్తుంది. నూనె, చెమట, పిల్లల పాలు, ఆముదం, జ్వరం. అది పీల్చి పీల్చి మౌలాలి మామకు దగ్గు. ఆయన దూదేకులాయన. వాళ్ళు తురకలే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగు, మా అందరికంటే చక్కని తెలుగు. ఆయన భార్య పీరమ్మత్త, ఇద్దరు పిల్లలు. దర్వాజా పక్కన మొదటి గది వాళ్ళది.

పొద్దున నమాజు అయ్యాక ఆయన విల్లు మొదలయ్యేది. మనిషంత పొడుగు కర్రకు నరంతో చేసిన తాడు బిగించి ఉంటుంది. చెక్క గుండుతో దాన్ని కొడితే తాడు అదిరి దూదిని విడదీస్తుంది. టంయ్, టంయ్, టట్టంయ్. మా కాంపౌండుకు గడియారం అదే. గడియారం ఒక్కటే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. రాత్రి పీరమ్మత్తతో మాటా మాటా వచ్చి ఉంటే మరునాడు ఆ దెబ్బ బిరుసుగా పడేది. అమ్మ పొయ్యి ముందు కూర్చుని చెవి ఒగ్గి, "ఇయ్యాల మౌలాలి తీరు మంచిగ లేదురా" అనేది. అంటూనే నామీద అరిచేది. నేను చెంబు విసిరేసేవాణ్ణి. నల్లా దగ్గర ఎవరి బిందె ముందో అని ఇద్దరు ఆడవాళ్ళు జుట్లు పట్టుకునేవారు. మధ్యాహ్నానికి మొత్తం తొమ్మిది ఇళ్ళలోనూ ఎవరితో ఎవరూ మాట్లాడేవారు కాదు, ఎందుకో ఎవరికీ తెలిసేది కాదు. అలాగే ఆయన హుషారుగా దరువు వేసిన రోజున ఏడుపుగొట్టు పిల్లలు కూడా ఆడుకునేవాళ్ళు. దర్వాజా దగ్గర చాప వేసుకుని కూర్చునే రాజమ్మవ్వ ఒకామె ఉండేది, ఇంటి యజమానికి దూరపు చుట్టం, దర్వాజా అడ్డగడియ ఆమె చేతిలో ఉండేది. ఆమె మొహం చూసి బయటికి పోయేవాళ్ళం, ఆమె మొహం చూసి లోపలికి వచ్చేవాళ్ళం. ఒకరి మనసు ఇంకొకరి గోడ దాటకుండా ఆపే తలుపేదీ ఆ కాంపౌండులో లేదు. ఇది మంచిదని చెప్పడం లేదు, చెడ్డదనీ చెప్పడం లేదు. ఉన్నది చెబుతున్నాను.

ప్రతి యేడూ వినాయకచవితి దాటగానే మా ఇళ్ళలోని పరుపులు, రజాయిలు, మెత్తలు అన్నీ మౌలాలి మామ గదికి పోయేవి. పీరమ్మత్త వాటిని విప్పి, పైగుడ్డలు ఉతికేది. వానలు తగ్గాక ఆయన దూది ఏకేవాడు. దసరా నాటికి పక్కలు కొత్తవైపోయేవి. అయితే ఇందులో ఒక పట్టింపు ఉంది. ఒక ఇంటి దూది ఇంకో ఇంటి దూదిలో కలవకూడదు. కులాలు వేరు, చావులు వేరు, పురుళ్ళు వేరు. మా నాన్న పోయిన పరుపు దూది గూడ్సు ఆఫీసు గుమాస్తా విఠల్‌రావు పరుపులోకి పోతే ఆయన ఊరుకుంటాడా? ఆయన పిల్లలు పక్క తడిపిన దూది మా పరుపులోకి వస్తే అమ్మ ఊరుకుంటుందా? అందుకని పీరమ్మత్త ఒక్కో ఇంటి దూదిని ఒక్కో గోనెలో మూటగట్టి, ఆ ఇంటి పాతగుడ్డనే పీలిక చింపి దాని మెడకు కట్టేది. మా పట్టింపును మాకంటే భద్రంగా కాపాడింది ఆమె. ఆ రోజుల్లో మేమంతా చాపల మీద పడుకుని, పొద్దున నడుములు పట్టుకుని లేచేవాళ్ళం.

ఫౌజు వచ్చిన ఆ యేడు గాలే బాగా లేదు. నిజాం తరఫున ఖాకీ గుడ్డలు వేసుకుని బరిసెలతో వీధుల్లో కవాతు చేసేవాళ్ళ పేరు మా కాంపౌండులో ఎవరూ పలికేవారు కాదు. "వాళ్ళు" అనేవాళ్ళం. ఒక ఇంట్లో "వాళ్ళు" అంటే పక్కింట్లో ఆడవాళ్ళు దీపం వత్తి తగ్గించేవారు. ఫలానా ఊరు తగలబెట్టారట, ముందే ఇంటింటికీ గుర్తులు పెట్టి మరీ వచ్చారట అని కబుర్లు. స్టేషన్ నిండా ట్రంకుపెట్టెలు, బెజవాడ వైపు పోయేవాళ్ళు కొందరు, షోలాపూర్ వైపు పోయేవాళ్ళు కొందరు. మా కార్ఖానాలో సోడాలు తాగడానికి వచ్చినవాళ్ళు సీసా ఎత్తి సగం తాగి, వీధిలో ఎవరైనా పరిగెత్తితే మిగతా సగం వదిలేసి పోయేవారు. నేను ఆ సగం సీసాలు కడుగుతూ వాళ్ళ మాటలు పోగు చేసుకుని సాయంత్రం కాంపౌండుకు తెచ్చేవాణ్ణి. పంతొమ్మిదేళ్ళ వెధవకు నలుగురు చుట్టూ చేరి "ఇంకేం విన్నవురా" అని అడగడం ఎంత రుచిగా ఉంటుందో చెప్పలేను.

చవితి దాటింది, పరుపులు మౌలాలి మామ గదికి పోయాయి. పోయిన మరునాడే మళ్ళీ వాన పట్టుకుంది. ముసురు. తడిగాలిలో దూది విచ్చుకోదు, ముద్దకడుతుంది, తాడు సాగిపోయి మొద్దుగా పలుకుతుంది. అందుకని వాన పట్టినప్పుడల్లా విల్లు ఆగిపోవడం నేను పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే. తొమ్మిది ఇళ్ళకూ తెలిసిందే. మూడో రోజో నాలుగో రోజో సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆడవాళ్ళు నల్లా దగ్గర ఉన్నారు. ఆ రోజు కార్ఖానాలో కొత్త కబురేదీ దొరకలేదు. వాళ్ళేమో నా వైపు చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పాలని, గొంతు తగ్గించి అన్నాను.

"మౌలాలి మామ విల్లు మోగుతలేదు, చూసిన్రా?"

ఇంకేమీ అనలేదు. ఒకామె చేతిలో చెంబు ఆగింది. ఇంకొకామె మౌలాలి మామ గది వైపు చూసి వెంటనే తల తిప్పుకుంది. ఆ తల తిప్పుకోవడం చూసి మూడో ఆమె బిడ్డను చంకన వేసుకుంది. వాన పడుతున్నది కదా, అందుకే మోగడం లేదని అనడానికి అక్కడ ఎనిమిది నోళ్ళు ఉన్నాయి. ఆకాశం నుంచి ఆ వాన మా నెత్తుల మీదే పడుతున్నది. ఒక్కరికీ ఆ మాట రాలేదు. నాకూ రాలేదు. నిజం చెబుతున్నాను, నేను అన్న మాటకు వాళ్ళ మొహాల్లో వచ్చిన భయం చూసి నాకు భయం వేసింది. మాట నాదేనని మరిచిపోయాను.

రాత్రి అయ్యేసరికి సంగతి పెరిగింది. మౌలాలికి ఏదో తెలుసు, అందుకే చప్పుడు చేయడం లేదు. లేదు, చప్పుడు చేయొద్దని వాళ్ళు చెప్పారు. గది నిండా ఏవో మూటలున్నాయి. మరునాడు పొద్దున విఠల్‌రావు నన్ను వసారాలోకి పిలిచాడు. ఇంగ్లీషు చదివినవాడు, అర్జీలు రాసేవాడు, ఆయన మాటంటే కాంపౌండుకు శాసనం.

"నర్సిమ్మా, నువ్వు ఆళ్ళింట్ల తిరిగెటోనివే గద. జెర పొయ్యి చూసి రా."

"ఏం చూడాలె సార్?"

"ఏమున్నదో చూడు. నీకు కండ్లు లెవ్వా?"

వెళ్ళాను. పీరమ్మత్త గడపలో కూర్చుని బియ్యం ఏరుతున్నది. నన్ను చూసి ఎప్పటిలాగే నవ్వింది. "రారా అల్లుడా, సోడాలు బందువెట్టి మా ఇంటికి తొవ్వ దొరికిందా ఇయ్యాల? కూసో, చాయ్ పెడ్త."

"వద్దత్తా. ఊకెనే వచ్చిన" అన్నాను. అంటూ ఆమె భుజం మీదుగా లోపలికి చూశాను. గోడ వారగా గోనెమూటలు, ఎనిమిది. ఒక్కో మూట మెడకు ఒక్కో రంగు పీలిక. ఎనిమిది ఇళ్ళకు ఎనిమిది గుర్తులు. మూడో మూట మీద పీలిక ఆకుపచ్చ మీద పసుపు గీతలు, అది మా అమ్మ చీర. దాని అంచు పట్టుకుని నేను నడక నేర్చుకున్న చీర. అది కనబడగానే మనిషన్నవాడికి ఏం గుర్తుకు రావాలి? ఇది మా పరుపు కదా, నేనే మోసుకొచ్చి ఇక్కడ పడేశాను కదా అని గుర్తుకు రావాలి. నాకు అది రాలేదు. మా అమ్మ చీర ముక్క వీళ్ళ ఇంట్లో ఎందుకుంది అనుకున్నాను. ముందురోజు రాత్రంతా చాప మీద దొర్లి నడుం పట్టేసిన మనిషిని, ఆ నడుం పట్టుకునే నిలబడి అలా అనుకున్నాను.

పీరమ్మత్త నా మొహం చూసింది. ఆమె చేతిలో చేట ఆగిపోయింది. "ఏందిరా, గట్ల చూస్తున్నవ్? ఏమన్న అయ్యిందా బైట? మీ మామ పేరు ఏమన్న అచ్చిందా?"

"ఏం లేదత్తా."

"ఏం లేకుంటె మొకం గట్లెందుకున్నదిరా? చెప్పురా!"

నేను వెనక్కి రెండు అడుగులు వేశాను. ఆమె లేచి, పిల్లలిద్దరినీ లోపలికి లాగి తలుపు వేసుకుంది. నా భయం ఆమెకు అంటుకుంది, ఆమె తలుపు వేసింది, ఆ తలుపు నాకు రుజువైంది. నేను నేరుగా పోయి విఠల్‌రావుతో, రాజమ్మవ్వతో, వసారాలో మూగిన వాళ్ళందరితో చెప్పాను. మూటలున్నాయి. ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంది. నన్ను చూసి భయపడి తలుపు వేసుకుంది. మూడు ముక్కలూ నిజమే. అబద్ధం ఒక్కటి కూడా ఆడలేదు. అమ్మ అక్కడే ఉంది. "మన పచ్చ చీరె ముక్క సుత ఉన్నదే" అన్నాను. అమ్మ నోరు తెరిచింది. చుట్టూ చూసింది. మూసుకుంది.

ఆ రోజు మధ్యాహ్నం ఆకాశంలో ఏదో విమానం చప్పుడైంది. ఫౌజు దగ్గరికి వచ్చేసిందని, ఆ బరిసెలవాళ్ళు పారిపోతూ దొరికిన ఇంట్లో దూరుతున్నారని వీధిలో అరుపులు. దుకాణాల పలకలు ధడధడమని పడ్డాయి. రాజమ్మవ్వ లేచి, "దర్వాజ బందువెట్టున్రి, జల్ది!" అంది. నేనూ విఠల్‌రావూ తలుపు తోసి అడ్డగడియ దించాం. పొద్దున్నే పనిమీద బయటికి పోయిన మౌలాలి మామ ఇంకా రాలేదు. ఆ సంగతి మాకు తెలుసు. తెలియదని ఎవరైనా అంటే అబద్ధం.

కాసేపటికి తలుపు చప్పుడైంది. "నేనమ్మా, మౌలాలిని. దర్వాజ తియ్యున్రి."

దర్వాజా వెనక ముప్పైమందికి పైగా ఉన్నాం. వానలో తడుస్తూ, ఒకరినొకరు ఆనుకుని. ఎవరి గుండె ఎవరిదో తెలియడం లేదు. విఠల్‌రావు నా చెవిలో, "ఒక్కడే ఉన్నడో, ఎనక ఎవలన్న ఉన్నరో" అన్నాడు. ఆ మాట వెనక్కి వెనక్కి పోయి, చివరి వరస చేరేసరికి "ఎనక శానమంది ఉన్నరట" అయింది. పీరమ్మత్త గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. "అయ్యో, మా ఆయననే! గొంతు గుర్తువట్టలేరా? తియ్యున్రి, మీ కాల్మొక్త!" ఎవరూ ఆమెను పట్టుకోలేదు. చెయ్యి కూడా వేయలేదు. దారి మాత్రం ఇవ్వలేదు. అంతే, కదలకుండా నిలబడ్డారు. ఆమె ఆ ఒళ్ళ మధ్య గుద్దుకుని గుద్దుకుని అక్కడే ఆగిపోయింది.

అవతల ఆయనకు అర్థమైనట్టుంది. కాంపౌండును పిలవడం మానేశాడు. "నర్సిమ్మా" అన్నాడు. "నర్సిమ్మా, ఉన్నవారా? బిడ్డా, గడియ తియ్యిరా. ఆళ్ళు వస్తున్నర్రా."

గడియ మీద నా చెయ్యి ఉంది. ఎత్తితే లేచేది, ఒక్క చేత్తో లేచే కర్ర అది. నేను వెనక్కి తిరిగి మొహాలు చూశాను. చూడకుండా ఉంటే తీసేవాణ్ణేమో. ఎనభై ఏళ్ళు దాటినా ఈ ఒక్క సంగతి నాకు తేలలేదు. చూశాను. అమ్మ మొహం కూడా చూశాను. నా చెయ్యి అక్కడే ఉండిపోయింది. వీధిలో పరుగుల చప్పుడు, ఎవరో కసిరినట్టు ఒక కేక, ఏదో బరువైనది బండల మీద పడిన చప్పుడు. ఆ తర్వాత వాన ఒక్కటే. పీరమ్మత్త అరవడం మానేసింది. 

మరునాడు తెల్లవారాక గడియ తీస్తే వీధి నిండా బొగ్గులు, వాన నీళ్ళకు నల్లగా కారుతూ. చిరిగిన సంచీ ఒకటి. ముసురు వదిలేలా లేదని, కుంపటి పెట్టి మా దూది ఆరబెట్టడానికి బొగ్గుల కోసం పోయాడట, పీరమ్మత్త చెప్పింది. ఎవరితో చెప్పిందో తెలియదు, మా ఎవరి మొహమూ చూడలేదు. ఆయన ఆ మధ్యాహ్నం వచ్చాడు. కుడిచెయ్యి తువ్వాలుతో మెడకు కట్టుకుని ఉంది, మణికట్టు కుండలా వాచింది. కొట్టింది వాళ్ళా, వాళ్ళను తరిమినవాళ్ళా, ఆయన చెప్పలేదు. ఎవరూ అడగలేదు. ఒకరోజో రెండు రోజులో గడిచాక రేడియోలో నిజాం సర్కారు లొంగిపోయిందన్న కబురు వచ్చింది. వీధిలో మిఠాయి పంచారు. నా చేతిలోనూ పెట్టారు, తిన్నాను.

వాన తగ్గింది. విల్లు మోగింది. ఎడమ చేత్తో. టంయ్, అని ఒక దెబ్బ, ఆగడం, మళ్ళీ తడుముకుంటూ ఇంకో దెబ్బ. అలవాటు లేని చెయ్యి, తాడుకు తగలక కర్రకు తగిలేది. ఆ చప్పుడు మొదలవగానే నల్లా దగ్గర మాటలు ఆగిపోయేవి. పిల్లలు వసారాల్లోకి వచ్చి కూర్చునేవారు. ఎవరికీ అన్నం సయించేది కాదు. మళ్ళీ మొత్తం కాంపౌండు ఒక్క మనసైంది, ఈసారి దానికి పేరు భయం కాదు. అయినా లేచి ఆ గడప దాకా పోయి, "చెయ్యి ఎట్లున్నది" అని అడిగిన మగవాడు లేడు, ఆడది లేదు. భయం అంత తేలికగా ఇల్లు మారింది కదా, సిగ్గు కూడా మారింది కదా, క్షమాపణ ఎందుకు అంటుకోదో ఆ డాక్టరీ అమ్మాయి చదివే పుస్తకాల్లో రాశారేమో అడగాలి. ఒక్కరు మొదలుపెట్టి ఉంటే మిగిలినవాళ్ళం పోయేవాళ్ళమేమో. ఆ ఒక్కరూ నేను కావాలి. కాలేదు.

దసరాకు ముందే ఎనిమిది ఇళ్ళ పరుపులూ ఎనిమిది గడపల్లోకి చేరాయి. ఒకరి దూది ఒకరిలో కలవలేదు. అమ్మ మా పరుపు చుట్ట విప్పింది. మూట మెడకు ఉండిన పచ్చచీర పీలిక ఇప్పుడు దాని మూలకు ముడివేసి ఉంది. అమ్మ దాన్ని విప్పలేదు. దాని మీద చెయ్యి పెట్టి, నా వైపు చూడకుండా అంది. "నాకప్పుడే యాదికొచ్చిందిరా. నువ్వు చీరె ముక్క అనంగనే యాదికొచ్చింది. అది మన పరుపుదిరా అని చెప్దామనుకున్న. అందరి మొకాలు చూసినంక నోరు లేవలే." ఆమె బతికినన్నాళ్ళూ ఆ పరుపు మీద పడుకోలేదు. నేను పడుకున్నాను. నాకు నిద్ర కూడా పట్టింది, అది కూడా రాయాలి.

ఇప్పుడు నన్ను సభలకు పిలిచేవాళ్ళు విమోచనమా, విలీనమా అని మైకుల్లో తేల్చుకుంటున్నారు. తేల్చుకోండి, నేను వద్దనడం లేదు. ఈ అపార్టుమెంటులో నలభై కుటుంబాలు, ఎవరి తలుపులు వాళ్ళవి, దగ్గినా పక్కింటికి వినబడదు. మేం మీలా కాదు తాతా, మాకు ఎవరి గొడవా పట్టదు అంటాడు మా మనవడు. మొన్న నీళ్ళ ట్యాంకులో ఎవరో ఏదో కలిపారని ఒక్క ఇంట్లో ఫోను మోగితే సాయంత్రానికి నలభై ఇళ్ళవాళ్ళూ కొత్తగా వచ్చిన కాపలావాడి చుట్టూ చేరారు. వాడి సామాను విప్పించి చూశారు. మనవడూ ఉన్నాడు ఆ గుంపులో. నేను కిందికి దిగేసరికి ఆ కాపలావాడి చొక్కాలు, దువ్వెన, తల్లి ఫొటో నేల మీద ఉన్నాయి. నేను అరిచాను. ఈసారి అరిచాను. ముసలాడికి బీపీ పెరిగిందని లోపలికి తీసుకొచ్చారు.

ఆ యేడు దసరా వెళ్ళాక మౌలాలి మామ కుటుంబం పీరమ్మత్త పుట్టింటికి, కర్నూలు వైపు, బయలుదేరింది. స్టేషన్‌కు పోవడానికి ఒంటెద్దు బండి వచ్చింది. కాంపౌండులో అందరికీ ఆ పొద్దున ఇళ్ళ లోపలే పని పడింది. నేను కార్ఖానాకు పోతూ పోతూ ఆగాను. ఆయన ఒంటి చేత్తో విల్లును బండిలోకి ఎత్తబోతుంటే రెండో కొస పట్టుకున్నాను. వద్దనలేదు. ఇద్దరం కలిసి ఎక్కించాం. పీరమ్మత్త అప్పటికే పిల్లలతో బండిలో కూర్చుని, కొంగు తలమీదికి లాక్కుని, అటు తిరిగి ఉంది.

"మామా" అన్నాను. 

ఆయన నన్ను చూశాడు. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే బాగుండేది. "ఒక్కమాట అడుగుత, చెప్తవారా నర్సిమ్మా? ఆ దినం దర్వాజ ఎనక ఎందరున్నరు?"

"అందరం ఉన్నం మామా."

"మీ అమ్మ?"

"ఉన్నది."

"గుమాస్తాసారు, అవ్వ, అందరు?"

"అందరం."

ఆయన తల ఊపాడు, లెక్క సరిపోయినట్టు. తర్వాత, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు. "అందరు ఒక్కకాడ ఉంటిరి గదరా. నేనొక్కణ్ణి బైట ఉంటి. భయం నాకు గావాలె. మీకెందుకయ్యిందిరా బిడ్డా?"

బండివాడు తోలమంటారా అని అడిగాడు. ఆయన చెయ్యి చూపించి ఆగమన్నాడు. జవాబు కోసం నిలబడ్డాడు. తర్వాత ఎడమ చేత్తో బండి కమ్మీ పట్టుకుని ఎక్కాడు.